తాళం వేసే ముందు

ఊరికి బయల్దేరే రోజు అందరూ పైన సూట్‌కేసులు తూకం వేస్తుంటే నేను కింద బేస్‌మెంట్‌లో ఉంటాను. అక్కడ వాటర్ మీటర్ పక్కన పసుపు పిడి ఉన్న వాల్వ్ ఒకటి ఉంది. పైపు వెంబడి ఉన్న ఆ పిడిని అడ్డంగా తిప్పితే ఇంటికి వచ్చే నీళ్లు ఆగిపోతాయి. తిప్పేసి పైకి వచ్చి వంటింట్లో నల్లా విప్పుతాను. ధార సన్నబడుతుంది, రెండుసార్లు గుర్రుమంటుంది, ఆగిపోతుంది. ఆ చప్పుడు విన్నాకే ఇంటికి తాళం వేస్తాను.

మేముండేది మిన్నెసోటాలో, మినియాపోలిస్ పక్కన. ఇక్కడ ఏడాది మొత్తంలో చలి ముదిరేది జనవరిలో. మన సంక్రాంతీ జనవరిలోనే. నేను వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఏడాదికి మూడు వారాల సెలవు. జ్వరం వచ్చినా ఇంట్లోంచే పని చేసుకుంటూ ఆ సెలవంతా పండగ కోసం దాచుకుంటాను. అంటే, ఇంటికి మనిషి తోడు తప్పనిసరిగా కావాల్సిన మూడు వారాల్లోనే మేము ఇంట్లో ఉండం. చలి గురించి నేను నేర్చుకున్నదంతా ఈ చిక్కు విప్పుకోవడానికే.

నేను పుట్టి పెరిగింది రామగుండంలో. బాపు సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. మాకు తెలిసిందల్లా ఎండ భయం. మేలో 45 డిగ్రీలు దాటిన రోజులు బడి పిల్లలకు కూడా గుర్తుంటాయి. మార్చి రాగానే బాపు కూలర్ దించి, పాత గడ్డి పీకేసి కొత్త గడ్డి కట్టేవాడు. పంపుకు పట్టిన సున్నాన్ని చాకుతో గీకేవాడు. మా దగ్గర కాలానికి తగ్గట్టు ఇల్లు సర్దుకోవడమంటే గాలి ఆడేలా చూసుకోవడం. ఇక్కడ గాలి చొరబడకుండా చూసుకోవాలి. ఈ తేడా నా వంటికి పట్టడానికి రెండు చలికాలాలు పట్టింది.

2017 వేసవిలో ఇల్లు కొన్నాం. అక్టోబర్ వచ్చేసరికి ఆఫీసులో అందరూ ఒకటే మాట: "స్ప్రింక్లర్లు ఊదించావా?" పచ్చికకు నీళ్లు పెట్టే పైపులు నేలలో పైపైనే ఉంటాయి. వాటిలో నీళ్లు మిగిలితే గడ్డకట్టి పైపుల్ని చీల్చేస్తాయి. అందుకని కంప్రెసర్ తెచ్చి గాలితో ఆ నీళ్లన్నీ బయటికి ఊదేస్తారు. మనిషిని పిలిచి అది చేయించాను, పని అయిపోయిందనుకున్నాను. పెరట్లో గోంగూర మడికి నీళ్లు పెట్టిన హోస్ పైపు మాత్రం బయటి నల్లాకే తగిలించి ఉండిపోయింది.

ఈ ఇళ్లలో బయటి నల్లాకు ఒక ఏర్పాటు ఉంటుంది. తిప్పే పిడి బయట ఉన్నా, నీళ్లు ఆగే చోటు దాదాపు అడుగు లోపల, గోడకు అవతల వెచ్చగా ఉండే చోట ఉంటుంది. నల్లా కట్టేస్తే మధ్యలో ఉన్న కాసిన్ని నీళ్లు బయటికి జారిపోవాలి. హోస్ తగిలించి ఉంటే అవి జారే దారి లేదు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. రాగి గొట్టం అంత సాగదు.

చలికాలమంతా ఏమీ తెలియలేదు. ఏప్రిల్ చివర్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కారుకు పట్టి ఉంటే, అది కడుగుదామని ఆ నల్లా విప్పాను. బయట నీళ్లు బాగానే వస్తున్నాయి. పది నిమిషాల తర్వాత బేస్‌మెంట్‌లోంచి మా ఆవిడ కేక వినిపించింది. గోడ లోపలి నుంచి నీళ్లు కారి, మా పెళ్లి ఆల్బమ్‌లు పెట్టిన అట్టపెట్టె అడుగు నానిపోయింది. ప్లంబర్ గోడ కోసి ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. బొటనవేలంత పొడవున చీలిక, అంచులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. ఆ ముక్కను ఇప్పటికీ టూల్స్ పెట్టెలో దాచుకున్నాను. ఇల్లు కొత్తగా కొన్న తెలుగువాళ్లు ఎవరైనా వస్తే ముందు అదే చూపిస్తాను.

రెండో పాఠం 2019 జనవరి 30న. పాప చిన్నదని ఆ ఏడు ఊరికి వెళ్లలేదు. ఆ పొద్దున మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మన సెల్సియస్ లెక్కలో మైనస్ 33. గాలి తోడై వంటికి తగిలే చలి మైనస్ 50 ఫారెన్‌హీట్ దాటింది. బడులు మూసేశారు. పోస్టు కూడా పంచలేదు. అందరూ హీటర్లు ఎడతెగకుండా నడపడంతో గ్యాస్ సరిపోక, ఇంట్లో వేడి ఎంత ఉండాలో పెట్టుకునే థర్మోస్టాట్‌ను 63 ఫారెన్‌హీట్‌కి తగ్గించుకోండని జనాన్ని బతిమాలారు.

తెల్లవారుజామున మూడింటికి ముక్కు కొస చల్లబడి మెలకువ వచ్చింది. 68లో పెట్టిన థర్మోస్టాట్ 59 చూపిస్తోంది. గ్యాస్‌తో ఇంటిని వేడి చేసే ఫర్నేస్ ఆగిపోయింది, దాని లోపల చిన్న ఎర్ర లైటు మినుకుమంటోంది. రిపేరు వాళ్లకు ఫోన్ చేస్తే మధ్యాహ్నం దాకా రాలేమన్నారు. పాపను మా ఇద్దరి మధ్య పడుకోబెట్టుకుని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నాం. ఐదింటికి పక్కింటి పెద్దాయన వంటింట్లో లైటు వెలగడం చూసి ఫోన్ చేశాను. రిటైరైన కరెంటు పనివాడు ఆయన. ఒకటే ప్రశ్న అడిగాడు, బయట గోడకున్న తెల్ల పైపులు చూశావా అని.

ఆ పైపులు రెండు. ఒకటి ఫర్నేస్‌కు గాలి పీలుస్తుంది, ఒకటి పొగ వదులుతుంది. మోకాలి ఎత్తులో గోడలోంచి బయటికి వస్తాయి. వెళ్లి టార్చ్ వేసి చూస్తే, గాలి పీల్చే పైపు మూతి నిండా తెల్లటి మంచు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. నడుమ వేలు పట్టేంత సందు కూడా లేదు. చేతికి అందిన అట్లకాడ పట్టుకెళ్లాను, దాంతోనే గీకాను. నాలుగైదు నిమిషాలే. ఆ కాసేపటికే కనురెప్పలు అంటుకుపోయాయి, చేతివేళ్లు నావి కానట్టయ్యాయి. లోపలికొచ్చి స్విచ్ తీసి మళ్లీ వేశాక ఫర్నేస్‌లో 'భుస్సు'మని మంట అంటుకుంది. మా ఆవిడ ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

పొగ వదిలే పైపు మూసుకుపోతే ఇంకా ప్రమాదమని తెల్లారాక పెద్దాయన కూర్చోబెట్టి చెప్పాడు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకునే ప్రతి గదికీ పది అడుగుల లోపు దాని అలారం ఉండాలని ఈ రాష్ట్రంలో చట్టమే ఉంది. మా ఇంట్లో ఉన్నదాని బ్యాటరీ ఎప్పుడు మార్చారో మాకు తెలియదు. ఆ రోజే మార్చాను. ఇప్పుడు ఏటా దీపావళి రోజు మారుస్తాను, మరచిపోకుండా ఉంటుందని.

చూరుకు వేలాడే మంచు కడ్డీల సంగతీ ఆయనే చెప్పాడు. మొదటి ఏడు వాటి ముందు నిలబడి ఫోటోలు దిగి ఊరికి పంపాం. నిజానికి ఆ కడ్డీలు ఇంట్లోని వేడి అటకలోకి జారిపోతోందనడానికి గుర్తు. ఆ వేడికి కప్పు మీది మంచు కరుగుతుంది, చూరు దాకా జారి అక్కడ మళ్లీ గడ్డకట్టి ఆనకట్టలా అడ్డం నిలుస్తుంది, వెనక నిలిచిన నీళ్లు పెంకుల కింద నుంచి ఇంట్లోకి దిగుతాయి. మరుసటి సెప్టెంబర్‌లో పనివాళ్లను అటక మీదికి పంపి లైట్ల చుట్టూ, పైపుల చుట్టూ ఉన్న సందులు ఫోమ్‌తో పూడ్పించాం. పైన 15 అంగుళాల మందాన, వేడి బయటికి పోకుండా ఆపే ఇన్సులేషన్ పోయించాం. డబ్బు బాగానే అయింది, గ్యాస్ బిల్లులో తేడా అదే చలికాలంలో తెలిసింది. నన్నడిగితే కొత్త సోఫా కన్నా, పెద్ద టీవీ కన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది అటకలోనే.

ఇళ్లు కొనేవాళ్లు ఎక్కువగా వేసవిలో చూస్తారు. వంటిల్లు చూస్తారు, ఈశాన్యం చూస్తారు. నీళ్లు కట్టేసే వాల్వ్ ఎక్కడుందో, ఫర్నేస్ పైపులు ఏ గోడకున్నాయో అడగరు. దయచేసి తాళాలు చేతికొచ్చిన రోజే అడగండి. అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లలకు ఇంకో మాట. డిసెంబర్ సెలవులకు వెళ్తూ బిల్లు మిగులుతుందని హీటర్ పూర్తిగా ఆపేయకండి. మీ పైపు పగిలితే కింద అంతస్తుల వాళ్ల ఇళ్లూ తడుస్తాయి.

ఇప్పుడు ఊరికి వెళ్లే వారం ముందు నుంచే పని మొదలుపెడతాను. ఫర్నేస్‌కు కొత్త ఫిల్టర్, థర్మోస్టాట్‌కు కొత్త బ్యాటరీలు. రెండు చిన్న బ్యాటరీలు అయిపోయినందుకు ఫర్నేస్ ఆగి మొత్తం ఇల్లు గడ్డకట్టిన కథలు ఇక్కడ అందరికీ తెలుసు. వేడిని 60కి తగ్గిస్తాను, ఆపను. సింకు కింది అల్మారా తలుపులు తెరిచి పెడతాను, లోపలి పైపులకు వెచ్చదనం తగలాలని. చివరగా నీళ్లు కట్టేసి, టాయిలెట్లు ఫ్లష్ చేసి, నల్లాలన్నీ విప్పి వదిలేస్తాను. ఇంట్లో వేడి ఉండేలా చూసుకోవడమో, నీళ్లు కట్టేసి పైపులు ఖాళీ చేయడమో, రెండిట్లో ఒకటైనా చేయకపోతే, పైపులు పగిలిన నష్టానికి చాలా ఇన్సూరెన్స్‌లు డబ్బు ఇవ్వవు. నేను రెండూ చేస్తాను. వాకిట్లో మంచు ఎత్తడానికి వీధి చివరి కుర్రాడికి డబ్బిచ్చి వెళ్తాను.

తాళంచెవి పక్కింటి పెద్దాయన దగ్గర ఉంటుంది. ఆయన సలహాతోనే కిటికీలో ఒక చిన్న పెట్టె పెట్టాను. దాని మీదున్న ముల్లు 45 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. లోపలి వేడి అంతకన్నా పడిపోతే దానికి తగిలించిన ఎర్ర బల్బు వెలుగుతుంది, రోడ్డు మీదికి కనిపిస్తుంది. కరెంటే పోతే ఆ బల్బూ వెలగదు కదా, అందుకని చీకటి పడగానే దానంతటదే వెలిగే వాకిలి లైటు ఒకటి ఉంది. వాకిలి లైటు వెలగాలి, కిటికీ లైటు వెలగకూడదు. సాయంత్రం కుక్కను తిప్పడానికి వచ్చినప్పుడు పెద్దాయన ఒక ఫోటో తీసి పంపుతాడు.

అక్కడ సాయంత్రమంటే రామగుండంలో మరుసటి రోజు తెల్లవారుజాము. మొదటిసారి ఈ లెక్క చెప్పినప్పుడు బాపు చాలాసేపు ఆలోచించాడు. "ఇంట్ల దీపం వెలగకుంటేనే మంచిదా?" అన్నాడు. ఆ తర్వాత నుంచి ఫోటో కోసం నాకంటే ముందే లేస్తున్నాడు.

పోయిన భోగి నాడు అమ్మ తెల్ల బట్ట పరిచి సకినాలు చుడుతోంది. బయట పిల్లలు మంటకు కట్టెలు పోగేస్తున్నారు. బాపు స్వెటర్ వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"వచ్చిందారా?"

"వచ్చింది బాపూ."

"వాకిట్లది?"

"వెలిగింది."

"కిటికీలది?"

"వెలగలే."

ఫోన్ తీసుకుని, కళ్లద్దాలు పైకి జరుపుకుని తనూ ఒకసారి చూశాడు. కప్పు మీద అడుగు మందం మంచు, చూరుకు ఒక్క కడ్డీ లేదు. "సరే" అని ఫోన్ తిరిగిచ్చి, అమ్మను చాయ్ అడిగాడు.