సున్నా చూపించినా ఆగని వణుకు

నాన్నగారు కొన్న 1984 నాటి ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాని 5.20-14 సైజు టైర్లు చాలా సన్నవి. కిందటి వర్షాకాలంలో కనకదుర్గ వారధి మీద బ్రేకు వేస్తే బండి పక్కకు జారింది. ఆ రోజే వెడల్పు టైర్లు వేయించాలని నిశ్చయించుకున్నాను.

లెక్క వేసి చూసి 175/70 ఆర్14 రేడియల్ టైర్లు ఎంచుకున్నాను. అంటే 175 మిల్లీమీటర్ల వెడల్పు, రిమ్ము నుంచి టైరు ఎత్తు అందులో 70 శాతం, 14 అంగుళాల రిమ్ము. వాటి ఎత్తు 60 సెంటీమీటర్లు, పాత టైరు కూడా దాదాపు అంతే. 185/60 వేస్తే ఎత్తు 58 లోపుకు తగ్గుతుంది, స్పీడోమీటరు అసలు వేగంకంటే ఎక్కువ చూపిస్తుంది. పాత రిమ్ములు ఇరుకువి. పైగా ట్యూబ్‌లెస్ టైరు అంచు జారకుండా ఆపే గట్టు వాటికి లేదు. విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగితే 5 అంగుళాల వెడల్పున్న ఇనుప రిమ్ములు దొరికాయి. డబ్బు కట్టే ముందు ఒక చక్రం బిగించి, స్టీరింగ్ అటూ ఇటూ చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాను. ఈ పని మాత్రం ఎవరూ మానకూడదు.

చక్రం చుట్టూ బరువు సమంగా ఉందో లేదో చూసే బ్యాలెన్సింగ్ మెషీన్ నాలుగు చక్రాలకూ సున్నా చూపించింది, అంటే తేడా లేదని. సంతోషంగా మంగళగిరి వైపు బయలుదేరాను. వేగం 70 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. వెనక్కి వెళ్లి అడిగితే, “పాత బండి కదండీ, అలాగే ఉంటుంది” అన్నారు. నాకు చాలా బాధ కలిగింది. సన్న టైర్లతో ఎన్నడూ వణకని బండి అది.

తెలిసినవాళ్లు చెబితే మరో వీధిలోని పెద్ద మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశారు. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఇరుసుగా ఉండే కింగ్ పిన్నుల్లో, బేరింగుల్లో వదులు లేదు. చక్రం విప్పి మెషీన్‌కు ఎక్కించారు. సున్నా. అప్పుడాయన బిగింపు వదులు చేసి, చక్రాన్ని సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పారు. 35 గ్రాములు!

“మెషీన్ అబద్ధం చెప్పలేదు బాబూ, చక్రం మధ్యలో కూర్చోలేదు” అంటూ రిమ్ము నడిమి రంధ్రం చూపించారు. దాని అంచున పెయింటు గడ్డకట్టి ఉంది. ఆ రంధ్రంలో దూరి చక్రాన్ని పట్టుకునే మెషీన్ కోను ఆ గడ్డ మీద ఎక్కి, బిగించిన ప్రతిసారీ ఒక్కో తీరుగా కూర్చుంటోంది. 15 కిలోల చక్రం మిల్లీమీటరులో ఐదో వంతు పక్కకు కూర్చున్నా, రిమ్ము అంచున 17 గ్రాముల బరువు అంటించినట్టే. 80 వేగంలో అది కిలోన్నరకు పైగా బలంతో, సెకనుకు దాదాపు 12 సార్లు లాగుతుంది. సగం చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తే చక్రం వేరే తీరుగా కూర్చుంటుంది, అప్పుడు ఆ తప్పు బయటపడుతుంది.

ఆయన చిన్న కత్తితో ఆ పెయింటు ఓపిగ్గా గీకి, వేలితో తడిమి చూసి, మళ్లీ గీకారు. బరువు సరిచేయడానికి అంతకుముందు అంటించిన పాత వెయిట్లన్నీ పీకేసి రిమ్ము లోపలి వైపూ బయటి వైపూ విడివిడిగా కొత్తవి పెట్టారు. చక్రం వెడల్పయ్యేకొద్దీ రెండు వైపులా సరిచూడటం మరీ ముఖ్యమట, ఒకవైపే చూస్తే చక్రం తల ఊపుతుందట. ప్రతి చక్రానికీ సగం చుట్టు పరీక్ష చేశారు. చక్రాలు కూర్చునే బండి హబ్బుల మీది తుప్పును వైరు బ్రష్షుతో రుద్ది, చక్రం గాలిలో ఉండగానే ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చి, నేలకు దించాక చివరి బిగింపు ఇచ్చారు.

ఆ సాయంత్రమే గుంటూరు వెళ్లొచ్చాను. కాజ టోల్‌గేటు దాటాక 80లో స్టీరింగ్ మీద రెండు వేళ్లే ఉంచాను. వణుకు లేదు. ఇరుకు సందులో బండి తిప్పేటప్పుడు మాత్రం స్టీరింగ్ మునుపటికంటే బరువుగా ఉంది, భుజాలకు తెలుస్తోంది. దానికి అలవాటు పడుతున్నాను. వారం తరువాత మేస్త్రి గారి దగ్గరికి మళ్లీ వెళ్లి బిగింపులు సరిచూపించుకున్నాను. ఒక్కటీ వదులవలేదు.