గ్యాసే అనుకున్నాం

ఆదివారం. పొద్దున్నే అమ్మ మాత్రల డబ్బా నింపాను, వారానికి సరిపడా. రక్తం పల్చబడ్డానికి రెండు రకాలు, కొలెస్ట్రాల్‌కి ఒకటి, బీపీకి, షుగరుకి. గుండె రక్తనాళం మూసుకుపోకుండా తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, స్టెంటు, వేసి మూడు నెలలైంది. ఆ మొదటి రెండూ డాక్టరుకి చెప్పకుండా ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టొచ్చని గట్టిగా చెప్పి పంపారు, అందుకని వాటిని మాత్రం రెండుసార్లు లెక్కపెడతాను.

డబ్బా ముందు కూర్చుంటే ఆ రోజే గుర్తొస్తుంది. దవడ లాగేస్తోందంది అమ్మ. పన్నేమో అనుకున్నాం. కాసేపటికి పొట్ట పైన పట్టేసినట్టుందని వాము నమిలింది, నేను వీధి చివర మందుల షాపులో గ్యాస్ బిళ్ల తెచ్చాను. ఎవరికి, ఎంత వయసు అని అతను అడగలేదు (నేనూ చెప్పలేదు లెండి). అలా గంటన్నర పోయింది. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి జాకెట్టు వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది, మెడ మీద చెయ్యేస్తే చల్లగా తగిలింది. అప్పుడు నా కాళ్లలో వణుకు మొదలైంది.

గుండెపోటంటే ఛాతీ పట్టుకుని కూలిపోవడమే అనుకునేవాణ్ణి. ఛాతీలో బరువు, నొప్పే ఎక్కువమందికి వచ్చేది, కానీ ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో ఒక్కోసారి దవడ, వీపు, ఆయాసం, వాంతొచ్చేట్టు ఉండడం, చల్లటి చెమట, ఇంతే కనబడుతుందట. ఏళ్ల తరబడి షుగరుంటే నరాలు మొద్దుబారి నొప్పి సరిగ్గా తెలియదట. అమ్మకి షుగరొచ్చి పన్నెండేళ్లు.

108కి ఫోన్ చెయ్యాల్సింది. నేనేం చేశానంటే స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని ఏడు రోడ్ల జంక్షన్ ట్రాఫిక్‌లో హారన్ కొట్టుకుంటూ పోయాను, దారిలో స్పృహ తప్పి పడిపోయుంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

మొదటి ఈసీజీ బాగానే ఉంది. "సెప్పాను కదా, గ్యాసే" అని అమ్మ మంచం దిగబోయింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు దిగనివ్వలేదు. మొదటిది మామూలుగా ఉన్నంత మాత్రాన వదలకూడదండీ అని ట్రోపోనిన్‌కి (గుండె కండ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) రక్తం తీయించి, ఇంకోసారి ఈసీజీ తీశాడు. ఈసారి కాగితం చూసి ఏమీ మాట్లాడకుండా ఆస్పిరిన్ నమిలించాడు. గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుందని, అవతల కండ చచ్చిపోతే మళ్లీ పుట్టదని, విశాఖ తీసుకెళ్లమని చెప్పాడు. అంబులెన్సులో ఆ వంద కిలోమీటర్లూ అమ్మ మాట్లాడింది ఒక్కటే, పెరట్లో బట్టలు తీశావా అని.

ఇవాళ సాయంత్రం నాగావళి గట్టు దాకా మెల్లగా నడిచొచ్చాం. వచ్చాక నాకని వేయించిన మిరపకాయ బజ్జీల్లో రెండు కానిచ్చేసి "కొంచెం గ్యాస్ లాగుందిరా" అంది. లేచి వెళ్లి మెడ మీద చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. దవడ నొప్పా, ఆయాసమా అని అడుగుతుంటే విసుక్కుంది.

"బజ్జీలు తిన్నాన్రా బాబూ. చెయ్యి తియ్యి, ఉక్కపోస్తంది."

తీశాను గానీ, తొమ్మిదిన్నర దాకా ఆ గదిలోనే కూర్చుని పేపరు చదివినట్టు నటించాను.