పేరు కలిసిందని ఖాతా ఆపేశారు: విడిపించుకున్న నా అనుభవం

జెడ్డా నుంచి పసుపు తాలూకు డబ్బు వచ్చింది. మా ఖాతాలో మాత్రం జమ కాలేదు. సరుకు కొన్నాయన పంపిన స్విఫ్ట్ కాపీ (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం) పట్టుకుని నిజామాబాద్‌లోని మా బ్యాంకు బ్రాంచికి వెళ్తే, "వచ్చింది సార్, స్క్రీనింగ్‌లో ఆగింది" అన్నారు. ఆ వారంలోనే నేనిచ్చిన చెక్కు వెనక్కి తిరిగొచ్చింది. ఖాతా మొత్తం ఆపేశారని అప్పుడు తెలిసింది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షల జాబితాలో ఎవరి పేరుతోనో నా పేరు కలిసిందట. ఎవరి పేరుతో అని అడిగితే, అది చెప్పే అధికారం తమకు లేదన్నారు.

నాది మా పేటలో వీధికి ఇద్దరికి ఉండే పేరు. పదో తరగతి మెమోలో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఒక రకంగా, పాన్ కార్డులో ఇంకో రకంగా పడింది. మా వైపు చాలామందికి ఇది ఉన్న సంగతే.

సరిగ్గా సీజన్ నడుస్తోంది. మార్కెట్ యార్డులో నా కోసం సరుకు ఎత్తిన అడ్తిదారు పొద్దున్నే ఫోన్ చేసేవాడు. "భాయ్, రైతులకు ఏం చెప్పాలె నేను?" అనేవాడు. అందులో కోపం ఉండేది కాదు, పాపం నిజంగానే ఏం చెప్పాలో తెలియక అడిగేవాడు. టెర్రరిస్టుల జాబితా అన్న మాట బ్యాంకు నుంచి బజారుకు చేరితే ఇక నాకు అరువు మీద ఒక్క బస్తా పుట్టదు. ఆగిన డబ్బు కంటే ఆ భయమే నాకు నిద్ర లేకుండా చేసింది.

మా ఖాలా కొడుకు, వరసకు తమ్ముడు, హైదరాబాద్‌లో వకీలు. హైకోర్టులో రిట్ వేద్దామా అని అడిగితే, ముందు ఇది చదవమని ఒక కేసు తాలూకు కాగితాలు చేతిలో పెట్టాడు. యాసిన్ అబ్దుల్లా ఖాదీ అనే సౌదీ వ్యాపారి కేసు. కోటీశ్వరుడి కథతో నాకేం పని అనుకుంటూనే మొదలుపెట్టాను. పూర్తయ్యేదాకా లేవలేదు.

ఖాదీ 1955లో కైరోలో పుట్టాడు. ఆర్కిటెక్చర్ చదివి, షికాగోలో పేరున్న ఆర్కిటెక్టుల సంస్థలో కొంతకాలం పనిచేసి, తర్వాత వ్యాపారంలో దిగాడు. టర్కీలో బిమ్ సూపర్‌మార్కెట్లలో వాటా, అల్బేనియా రాజధాని టిరానాలో జంట భవనాల నిర్మాణం, ఇంకా చాలా దేశాల్లో పెట్టుబడులు. 1990లలో మువాఫక్ అనే దాతృత్వ సంస్థ స్థాపకుల్లో ఆయన ఒకడు. 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన నెల రోజులకు, అక్టోబర్ 12న, అమెరికా ఆయన ఆస్తులను స్తంభింపజేసింది. ఆ సంస్థ ద్వారా అల్ ఖైదాకు డబ్బు చేరిందని ఆరోపణ. ఆయన అదంతా అబద్ధమన్నాడు. అక్టోబర్ 17న ఐక్యరాజ్యసమితి జాబితాలో, ఇంకో రెండు రోజులకు యూరోపియన్ యూనియన్ జాబితాలో పేరు ఎక్కింది. ఆయనకు ముందు నోటీసు లేదు, విచారణ లేదు, ఏ ఆధారంతో చేశారో చెప్పలేదు. యూరప్ జాబితాలో ఆయన పేరు పక్కన మారుపేర్లు, జెడ్డా, సౌదీ అరేబియా అన్న రెండు మాటలు ఉన్నాయి. దానితోనే ఒక మనిషి ఆస్తులు కదలకుండా పోయాయి.

ఆ డిసెంబర్‌లోనే ఆయన లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానంలో కేసు వేశాడు. 2005లో ఓడిపోయాడు. భద్రతా మండలి నిర్ణయాన్ని తాము పరిశీలించలేమని కింది కోర్టు దాదాపుగా చేతులెత్తేసింది. ఆయన పై కోర్టుకు వెళ్లాడు. 2008 సెప్టెంబర్ 3న వచ్చిన తీర్పును నేను రెండుసార్లు చదివాను. ఆదేశం భద్రతా మండలిదే కావచ్చు, దాన్ని యూరప్‌లో అమలు చేసే చట్టం మాత్రం యూరప్ ప్రాథమిక హక్కులకు లోబడి ఉండాల్సిందే అంది కోర్టు. ఆస్తి ఆపేశాక అయినా ఆ మనిషికి కారణం చెప్పాలి, అతని జవాబు వినాలి, ఒక జడ్జి దాన్ని చూడగలగాలి అని చెప్పింది. తప్పు సరిదిద్దుకోవడానికి మూడు నెలల గడువిచ్చింది.

అంతటితో ఆయన బయటపడ్డాడనుకున్నాను. యూరప్ అధికారులు ఆ గడువులోనే కారణాల సారాంశం అంటూ చిన్న కాగితం పంపి, ఆయన జవాబు తీసుకుని, నవంబర్‌లో పేరు మళ్లీ ఎక్కించారు. ఆయన మళ్లీ కోర్టుకు. 2010 సెప్టెంబర్‌లో ఆ కింది కోర్టే (అప్పటికి దాని పేరు జనరల్ కోర్టు) దాన్ని కూడా కొట్టేసింది. తాత్కాలికమని చెప్పే ఈ స్తంభన దాదాపు పదేళ్లకు చేరిందని, మనిషి ఆయుష్షులో పదేళ్లంటే తక్కువ కాదని ఆ తీర్పులో ఉంది. నా ఖాతా ఆగింది కొద్ది వారాలే. అయినా ఆ వాక్యం దగ్గర నాకు కళ్లు చెమర్చాయి. యూరోపియన్ యూనియన్ కమిషన్, కౌన్సిల్, వాటితో పాటు బ్రిటన్ అప్పీలుకు వెళ్లాయి. 2013 జూలై 18న ఆ అప్పీళ్లు కూడా వీగిపోయాయి. చెప్పిన కారణాల్లో ఒక్కదానికైనా గట్టి ఆధారం ఉండాలి, ఇక్కడ ఒక్కదానికీ లేదు అని కోర్టు తేల్చింది.

ఈలోగా న్యూయార్క్‌లో కూడా ఒక మార్పు వచ్చింది. జాబితాలో పేరు పడినవాళ్ల మొర వినడానికి భద్రతా మండలి 2009 డిసెంబర్‌లో 1904 నంబరు తీర్మానంతో అంబుడ్స్‌పర్సన్ పదవి పెట్టింది. కెనడా న్యాయమూర్తి కింబర్లీ ప్రోస్ట్ మొదటగా ఆ పదవిలో కూర్చున్నారు. యూరప్ కోర్టుల ఒత్తిడి లేకపోతే ఆ పదవి పుట్టేది కాదని నా నమ్మకం. ఆ దారినే 2012 అక్టోబర్ 5న ఖాదీ పేరు ఐక్యరాజ్యసమితి జాబితా నుంచి పోయింది. అదే ఏడాది మార్చిలో మాత్రం వాషింగ్టన్ జిల్లా కోర్టు ఆయన దావా కొట్టేసింది. ట్రెజరీ శాఖ నిర్ణయానికి తగినంత ఆధారం ఉందా లేదా అన్నంతవరకే అక్కడి జడ్జి చూశాడు. అమెరికా జాబితా నుంచి ఆయన పేరు తీసింది 2014 నవంబర్‌లో. పదమూడేళ్లు! అన్నేళ్లూ రెండు ఖండాల్లో వకీళ్లను పెట్టుకోగలిగిన స్తోమత ఉండబట్టి నిలబడ్డాడు. నాలాంటి చిన్న వ్యాపారి ఒక్క సీజన్ కూడా ఆగలేడు.

ఈ జాబితాలు అసలు ఉండకూడదని నేననను. బాంబులకు డబ్బు పంపేవాడి ఖాతా ఆగాల్సిందే, నాకంటే గట్టిగా కోరుకునేవాడు ఎవడూ ఉండడు. ఆపినవాళ్లు కారణం చెప్పాలి, అవతలివాడు చెప్పేది వినాలి. ఆ కాగితాల్లో నాకు కనబడింది ఆ రెండే.

మా తమ్ముడు రిట్ పక్కన పెట్టి వేరే దారి చూపించాడు. మన దగ్గర భద్రతా మండలి జాబితాను ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం 51ఎ సెక్షన్ కింద అమలు చేస్తారు. దానికి కేంద్ర హోంశాఖ 2021 ఫిబ్రవరి 2న ఇచ్చిన ఉత్తర్వు ఉంది. పొరపాటున ఆస్తి స్తంభించినవాళ్లు ఏం చేయాలో అందులోనే రాసి ఉంది: రుజువులతో బ్యాంకుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి, బ్యాంకు దాన్ని రెండు పనిదినాల్లో హోంశాఖలో ఈ వ్యవహారం చూసే నోడల్ అధికారికి పంపాలి. మా బ్రాంచిలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఉత్తర్వు ప్రింటు తీసి ఆ పేరా కింద గీత గీసి మేనేజరు గారి బల్ల మీద పెట్టాను.

అసలు కష్టం దరఖాస్తులో వచ్చింది. ఎవరి పేరుతో కలిసిందో చెప్పకపోతే, నేను వాడిని కానని ఎలా రాసేది? ఐక్యరాజ్యసమితి జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అల్ ఖైదా జాబితాలో ఒక్కో వ్యక్తికీ క్యూడీఐ అక్షరాలతో మొదలయ్యే శాశ్వత నంబరు, తెలిసినంతవరకు పుట్టిన తేదీ, ఊరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. మారుపేర్లను కూడా బలమైనవి, బలహీనమైనవి అని విడదీస్తారు. నా పేరులోని రెండు ముక్కలకు దగ్గరగా ఉన్న పేర్లన్నీ ఏరాను. ఒక్కొక్కరి ఎదురుగా నా పుట్టిన తేదీ, ఊరు, తండ్రి పేరు రాసి పట్టిక చేశాను. ఒకతనికి నాకూ వయసులో ఒక తరం తేడా. ఇంకొకతనితో కలిసింది బలహీనమైన మారుపేరు ఒక్కటే. పట్టిక వెనక పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, పాన్, ఎగుమతి కోడు, జీఎస్టీ సర్టిఫికెట్, ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్ జతపరిచాను. మూడు కాగితాల్లోనూ మూడు రకాలుగా ఉన్న పేరు నాదేనని నోటరీ అఫిడవిట్ పెట్టాను. దరఖాస్తు మొదటి పేరాలో ఏ నమోదుతో పేరు కలిసిందో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను.

రసీదు మీద ముద్ర, తేదీ వేయించుకునేదాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు. ఎవరైనా ఇలాంటి దరఖాస్తు ఇస్తే ఆ ముద్ర మాత్రం వదలకండి. రెండు పనిదినాల లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే. నోడల్ అధికారికి నేను కూడా ఒక నకలు ఈమెయిల్ చేశాను. ప్రధాన కార్యాలయం నుంచి ఒకామె ఫోన్ చేసి మా తాత పేరు, నేను ఏ దేశాలకు వెళ్లానన్నదీ అడిగారు. మర్యాదగానే మాట్లాడారు. అంతకుముందు ఎవరూ నన్ను అడగనే లేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఖాతా వదలమని హోంశాఖ విడిగా ఉత్తర్వు ఇవ్వాల్సిన అవసరం రాలేదు. వివరాలు సరిపోలలేదని, స్తంభన ఎత్తేశామని బ్యాంకే ఉత్తరం ఇచ్చింది. డబ్బు ఇక్కడ ఆగడం ఒక రకంగా నయమైంది. డాలర్లు దాటే న్యూయార్క్‌లో అమెరికా జాబితా కింద ఆగి ఉంటే, అక్కడి ట్రెజరీలో ఆంక్షలు చూసే విభాగం ఓఫాక్‌కు లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. అడ్తిదారుకు ఆ సాయంత్రమే బాకీ పంపాను. ఆ తర్వాతి చెల్లింపు కూడా స్క్రీనింగ్‌లో ఆగింది, కానీ ఫైలులో పాత ఉత్తరం ఉండబట్టి అదే రోజు వదిలారు.

నా పేరు ఎవరి పేరుతో కలిసిందో ఆ ఉత్తరంలో లేదు. అది అడుగుతూ మళ్లీ రాశాను. ఈసారి కూడా రసీదు మీద ముద్ర వేయించుకున్నాను.