ముందు పద్నాలుగు, వెనక పదహారున్నర

మా అమ్మ దగ్గర కొలతల పుస్తకం ఒకటి ఉంది. పాత లెడ్జరు, అట్ట ఊడిపోతే బ్రౌన్ పేపరు వేసి సూదితో కుట్టుకుంది. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందు గదిలోనే ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది కాబట్టి ఆ వీధి ఆడవాళ్లలో సగం మంది కొలతలు అందులో ఉన్నాయి. ఎవరి పేరు చూసినా జాకెట్టు పొడవు దగ్గర ఒకటే అంకె. నా పేరు దగ్గర మాత్రం రెండు. ముందు పద్నాలుగు, వెనక పదహారున్నర.

నాకు కైఫోసిస్ ఉంది. తెలుగులో గూని అంటారు. ఆ మాటను బడిలో తిట్టుగా విన్నదాన్ని కాబట్టి ఇక్కడ ఒక్కసారి రాసి వదిలేస్తున్నాను.

పక్కనుంచి చూస్తే ఎవరి వెన్నూ నిలువు గీతలా ఉండదు. మెడ దగ్గర లోపలికి, ఛాతీ వెనక బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంగి ఉంటుంది. ఛాతీ వెనక ఆ వంపు 20 నుంచి 45 డిగ్రీల దాకా మామూలే. నాది 70 దాటింది. నాకున్న రకాన్ని షోయర్‌మన్ వ్యాధి అంటారు. 1920 ప్రాంతంలో హోల్గర్ షోయర్‌మన్ అనే డెన్మార్క్ డాక్టరు దీన్ని మొదట వివరించారు. ఎదిగే వయసులో వెన్నుపూసలు ఇటుకల్లా సమంగా పెరగాలి. ఈ జబ్బులో వాటి ముందువైపు ఎత్తు తక్కువగా పెరిగి, తలుపు కింద దోపే చెక్కముక్కలా ఏటవాలుగా తయారవుతాయి. వరసగా మూడు పూసలు, ఒక్కోటి కనీసం 5 డిగ్రీలు అలా ఏటవాలైతే ఈ పేరు పెడతారు. నాకు నాలుగు పూసలు అలా ఉన్నాయి.

2005లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, వీపు మధ్యలో నొప్పి అంటే అమ్మ ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఎవరో, ఏ ఆసుపత్రో రాయను. నన్ను నిలబెట్టి ఒకసారి చూసి, "పుస్తకాల సంచి బరువమ్మా, నిటారుగా కూర్చోమనండి" అన్నాడు. ఎక్స్‌రే తీయలేదు. ముందుకు వంగమని కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో, బడిలో, పెళ్లిళ్లలో, అందరూ నాకు చెప్పింది ఒకటే మాట. నిటారుగా కూర్చో. నేను ప్రయత్నించలేదని అందరూ అనుకున్నారు. కొన్నాళ్లకు నేనూ అలాగే అనుకున్నాను. అది నాకు ఇప్పటికీ బాధే. చేతకాని పనికి బద్ధకం అని పేరు పెట్టి, ఒక పిల్ల తనను తానే తిట్టుకుంటూ పెరిగింది.

తేడా తెలుసుకోవడం అంత కష్టం కాదు. కూర్చునే తీరు వల్ల వచ్చిన వంపు అయితే పడుకుంటే పోతుంది, వెనక్కి విరుచుకుంటే సర్దుకుంటుంది. పూసల ఆకారమే మారితే ఎలా పడుకున్నా పోదు. చాప మీద వెల్లకిలా పడుకుంటే నా తల నేలకు ఆనదు. రెండు దిండ్లు కావాలి. అప్పుడూ అంతే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పాలని తెలియక చెప్పలేదు.

అసలు సంగతి 2010లో తెలిసింది. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా వేరే డాక్టరు మొదటిసారి ఎక్స్‌రే తీయించారు. జ్వరం వస్తుందా, రాత్రిళ్లు చెమటలు పడతాయా, బరువు తగ్గావా అని చాలాసేపు అడిగారు. మన దగ్గర వెన్ను వంగిందంటే ముందు టీబీ కాదని తేల్చుకోవాలట. టీబీలో ఒకటి రెండు పూసలు కూలిపోయి వీపు మీద మొన తేలినట్టు కనిపిస్తుంది. నాది గుండ్రటి వంపు. ఎంఆర్ఐ కూడా తీసి టీబీ కాదన్నారు. వంపు 64 డిగ్రీలు. "మూడు నాలుగేళ్ల ముందు వచ్చి ఉంటే బెల్టు వేసేవాళ్లం" అన్నారాయన. బెల్టు అంటే బ్రేస్. ఒళ్లు ఎదుగుతున్నంత కాలమే అది వంపును ఆపగలదు. తుంటి ఎముక అంచును ఎక్స్‌రేలో చూపించి, నా ఎదుగుదల అయిపోయిందని చెప్పారు. అమ్మ ఆ రోజు ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక మిషను ముందు కూర్చుని, కుట్టడానికేమీ లేకపోయినా చాలాసేపు అలాగే ఉంది.

ఆ తర్వాత బీఈడీ చేశాను, ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను, పెళ్లయింది. సంబంధాలు చూసినప్పుడు అమ్మ నా పైట కుచ్చిళ్లు వీపు మీదికి ఎలా పరచాలో నాలుగు రకాలుగా చేసి చూసింది. మా ఆయనకు మాత్రం నేనే ఎక్స్‌రే చూపించాను. ఈ సంగతి ఇంతటితో చాలు.

రోజుకు ఆరు పీరియడ్లు. బోర్డు మీద రాయాలంటే చెయ్యి పైకెత్తాలి, తల ఇంకా పైకెత్తాలి. వీపు ముందుకు వంగి ఉన్నప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడడానికి కూడా మెడను వెనక్కి ఎత్తిపట్టుకోవాల్సి వస్తుంది. వీపు ఎంత వంగితే నడుము అంత లోపలికి నొక్కుకుంటుంది. అందుకే నాకు వంపు ఛాతీ వెనక ఉన్నా, సాయంత్రానికి నొప్పి మెడలోనూ నడుములోనూ ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. ఎక్కేటప్పుడు ఒళ్లు ఎలాగూ ముందుకే వాలుతుంది కాబట్టి ఇబ్బంది పడలేదు. పైన క్యూలో నిలబడ్డాకే కళ్లలో నీళ్లు వచ్చాయి. కదలకుండా నిలబడడం నాకు నడక కంటే కష్టం.

2023లో నొప్పి ఎక్కువైతే మళ్లీ ఎక్స్‌రే తీయించాను. 70. ఏడాది తిరిగాక ఇంకొక చోట చూపించుకుందామని వేలూరు పోయాం. చిత్తూరు వైపు వాళ్లం కాస్త పెద్ద జబ్బు అనగానే వేలూరు బస్సెక్కుతాం. అక్కడ 74 అన్నారు. ఏడాదిలో నాలుగు డిగ్రీలు! తిరుగు బస్సులో చిత్తూరు దాటేదాకా లెక్కలు వేస్తూనే ఉన్నాను. ఏడాదికి నాలుగు అంటే పదేళ్లకు 114. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇలాంటి లెక్క చెయ్యొద్దని చెప్పేది నేనే. రెండు బిందువులతో గీత గీసి దాన్ని నమ్మకూడదని. టెన్షన్‌లో అదేదీ గుర్తుకు రాలేదు.

ఆ రాత్రి రెండు ఫిల్ములూ కిటికీ అద్దానికి అంటించి, పెన్సిలు, స్కేలు, కోణమానిని తీసుకుని నేనే కొలిచాను. కొలిచే పద్ధతి 1948లో జాన్ కాబ్ అనే అమెరికా డాక్టరు చెప్పినది, అందుకే కాబ్ కోణం అంటారు. వంపు పై కొసన అన్నిటికంటే ఎక్కువ వాలిన పూస పై అంచు వెంట ఒక గీత, కింది కొసన అన్నిటికంటే ఎక్కువ వాలిన పూస కింది అంచు వెంట ఒక గీత. ఆ రెండూ కలిసే చోట కోణం. ఫిల్ములో అవి కలవకపోతే ఒక్కో గీతకు లంబం గీసి, లంబాల మధ్య కోణం కొలుస్తారు. రెండు గీతల మధ్య కోణం వాటి లంబాల మధ్య కోణంతో సమానం అని నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పానో. నాకు మొదటిసారి 71 వచ్చింది, రెండోసారి 75, ఒకే ఫిల్ము మీద! పూస అంచు మసకగా ఉంటుంది, పెన్సిలు ఒక వెంట్రుకంత జరిగితే అంకె మారిపోతుంది. తర్వాత డాక్టరును అడిగితే, ఇద్దరు కొలిస్తే ఐదు డిగ్రీల దాకా తేడా రావడం మామూలేనని, ఒకే చోట, ఒకే రకంగా నిలబడి తీయించుకున్న ఎక్స్‌రేలనే పోల్చాలని చెప్పారు. ఈ మాట నాకు బస్సెక్కకముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నాలుగు రోజులు నిద్రపోయేదాన్ని. ఇలాంటి రిపోర్టు చేతిలో పెట్టుకుని ఇది చదువుతున్నవాళ్లు ఉంటే, దయచేసి రెండు మూడు డిగ్రీల తేడాకు భయపడకండి.

అయినా 70 దాటింది కాబట్టి ఆపరేషన్ మాట వచ్చింది. సాధారణంగా 70, 75 డిగ్రీలు దాటి, నొప్పి దేనికీ లొంగకపోతే అప్పుడు ఆలోచిస్తారట. వెనక నుంచి కోసి, పై ఛాతీ పూసల నుంచి నడుము మొదటి పూసల దాకా స్క్రూలు బిగించి, రెండు పక్కలా కడ్డీలు వేసి, పూసల వెనక కీళ్ల దగ్గర కొంత ఎముక తీసి వంపును తగ్గిస్తారు. తర్వాత ఆ పూసలన్నీ అతుక్కుని ఒకటే ఎముకలా అవుతాయి. వంపు సగానికి దగ్గరగా తగ్గొచ్చు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ వెన్నుపాము నుంచి కాళ్లకు సంకేతాలు అందుతున్నాయో లేదో యంత్రం మీద చూస్తూ ఉంటారు. ప్రమాదాలు కూడా దాచకుండా చెప్పారు. ఇన్‌ఫెక్షన్, కడ్డీ విరగడం, కడ్డీలు ఆగిన చోటికి పైన కొత్తగా వంగడం, అరుదుగా కాళ్లు చచ్చుబడడం. అతికిన భాగం ఇక వంగదు. ముగ్గు వేయడం, నేల మీద కూర్చుని పేపర్లు దిద్దడం ఎలా ఉంటుందో అడిగాను. నడుములో కింది కీళ్లు, తుంటి కీళ్లు వంగుతాయి కాబట్టి చాలా పనులు చేసుకోవచ్చని, తీరు మాత్రం మారుతుందని చెప్పారు.

అంతా చెప్పాక సర్జన్ ఒక ప్రశ్న అడిగారు. "మీకు ఏది తగ్గాలమ్మా? నొప్పా, వంపా?"

జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్లూ ఆ రెండూ నాకు ఒకటే. వీపు నొస్తే వంపు గుర్తుకొస్తుంది, ఎవరైనా వీపు వైపు చూస్తే నొప్పి మొదలవుతుంది. ఇంటికి వచ్చి నెల రోజులు డైరీ రాశాను. ఏ పీరియడ్ తర్వాత నొప్పి, పదిలో ఎంత, ఏం చేస్తే తగ్గింది. నాలుగో పీరియడ్ దాటాక మొదలవుతోంది. పేపర్లు దిద్దే రోజు ఎనిమిది. ఆదివారం రెండు, కొన్నిసార్లు సున్నా. కాళ్లలో తిమ్మిరి ఒక్క రోజూ లేదు. ఆ డైరీ చూసి సర్జనే, ఇది చాలావరకు కండరాలు అలిసిపోయి వచ్చే నొప్పి, ముందు ఏడాది గట్టిగా ఫిజియోథెరపీ చేసి చూడండి అన్నారు. 1993లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం గురించి కూడా చెప్పారు. ఆపరేషన్ లేకుండా సగటున 32 ఏళ్లు గడిపిన 67 మందిని అందులో చూశారట. వాళ్ల సగటు వంపు 71 డిగ్రీలు, అచ్చం నాలాగే. మిగతావాళ్ల కంటే వెన్నునొప్పి ఎక్కువే, ఎక్కువగా తేలికపాటి పనులే ఎంచుకున్నారు. కానీ పనికి నాగాలు పెట్టింది ఎక్కువేమీ కాదు. ఊపిరితిత్తులకు ఇబ్బంది కనిపించింది 100 డిగ్రీలు దాటినవాళ్లలో. నాలాంటి వీపుతో ముప్పై ఏళ్లు గడిపిన మనుషులు ఉన్నారని నాకు తెలిసింది అప్పుడే.

మా పెద్దత్త పుత్తూరు కట్టు కట్టించమంది. విరిగిన ఎముకకు కట్టే కట్టు అది, నాది విరగలేదత్తా అని చెప్పాను. ప్రేమతోనే చెప్పింది, కాదనడానికి కష్టంగానే అనిపించింది.

ఏడాది అయింది. పొద్దున ఐదున్నరకు లేచి నలభై నిమిషాలు. బోర్లా పడుకుని ఛాతీ లేపడం, తొడ వెనక కండరాలు సాగదీయడం, గోడకు వీపు ఆనించి చేతులు పైకి జరపడం, పక్కటెముకలు వెడల్పయ్యేలా ఊపిరి తీయడం. ఇంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి పది రోజులకే మానేశాను, ఈసారి మానలేదు. పేపర్లు దిద్దేటప్పుడు బల్ల మీద వాలు పలక పెట్టుకుంటున్నాను. నొప్పి ఎనిమిది నుంచి నాలుగుకు వచ్చింది. ఎక్స్‌రేలో వంపు 73. నా వయసులో వ్యాయామంతో కోణం మారదని ముందే చెప్పారు కాబట్టి నిరాశ పడలేదు.

అందుకని ఇప్పటికి ఆపరేషన్ వద్దనుకున్నాను. కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి వచ్చినా, మూత్రం పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. ఒకే చోట తీసిన ఎక్స్‌రేలలో వంపు వరసగా పెరుగుతూ పోతే మళ్లీ ఆలోచిస్తాను. వంపు చూసుకుని బాధపడి ఆపరేషన్ చేయించుకునేవాళ్లను నేను తప్పు పట్టను. అద్దంలో పక్కకు తిరిగి చూసుకోలేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది కూడా బాధే, దానికి ఎవరూ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నా తూకంలో మాత్రం పది పన్నెండు పూసల కదలిక ఎక్కువ బరువు తూగింది.

పోయిన నెల అమ్మ పుస్తకంలో నా పాత పేజీలు తిరగేశాను. 2005లో ముందు 13, వెనక 13న్నర. 2006లో వెనక 14 పావు. 2008లో 15న్నర. జాకెట్టు వీపు మీదికి లేచిపోతోందని అమ్మ నాతో ఒక్క మాట అనకుండా ఏటా కొంచెం కొంచెం పెంచుతూ వచ్చింది. "ఇది ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "నువ్వు బాధపడతావని చెప్పలేదు పాపా. డాక్టరుకు ఇది చూపించొచ్చని నాకేం తెలుసు?" అంది.

అదే వారం మా అక్క కూతురికి అమ్మ పావడా జాకెట్టు కొలతలు తీసుకుంటోంది. దానికి పన్నెండేళ్లు. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో నడుస్తుందని నాకు తెలుసు. "ఒకసారి ముందుకు వంగు తల్లీ" అని పక్కనుంచి చూశాను. వీపు మధ్యలో వంపు ఒక చోట కొంచెం ఎత్తుగా ఉన్నట్టు అనిపించింది, నా కంటి భయమో ఏమో. "ఎందుకు పిన్నమ్మా?" అంది. అమ్మ టేపు మెడ వెనక నుంచి నడుము దాకా పెట్టి, మళ్లీ ముందు పెట్టి, రెండు అంకెలూ బయటికే చెప్పింది. ముందు పన్నెండు, వెనక పన్నెండున్నర.

గురువారం ఎక్స్‌రేకు తీసుకుపోతున్నాం. పుస్తకం కూడా తెస్తానంది అమ్మ.