11 గంటల విశ్రాంతి

పొద్దున లేచేసరికి ల్యాప్‌టాప్‌లో ఒకే ఒక్క మాట ఉంది. కుదరదు. రాత్రంతా నడవనిమ్మని వదిలేసిన ప్రోగ్రామ్ తేల్చిన సంగతి అది. నేను ఇచ్చిన షరతులన్నీ పాటిస్తూ డ్యూటీ చార్ట్ వేయడం అసాధ్యమట.

ఐర్లండ్‌లోని కార్క్‌లో చేస్తున్న మాస్టర్స్‌కి నా డిసర్టేషన్, అంటే చివర్లో రాసే పరిశోధన పనే ఇది. ఒక హాస్పిటల్ వార్డులో ఏ నర్సు ఏ రోజు ఏ డ్యూటీకి రావాలో కంప్యూటర్ చేత చార్ట్ వేయించాలి. అసలు రోగుల వివరాలేవీ లేవు. పరిశోధకులు వాడుకునే నమూనా వార్డు తీసుకుని, దానికి ఇక్కడి నియమాలు కలిపాను. 18 మంది నర్సులు, 28 రోజులు, రోజుకి రెండు షిఫ్టులు. ఫలానా నర్సు ఫలానా రోజు నైట్‌కి వస్తుందా? వస్తే 1, రాకపోతే 0. అలాంటి ప్రశ్నలు మొత్తం 1008. అన్నిటికీ ఒకదానితో ఒకటి తగువు పడని జవాబులు దొరకాలి.

ఇంట్లో మా పైగదిలో ఉండే చేచీ (మలయాళంలో అక్క) నైట్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. ఆవిడది కేరళ, ఇక్కడి హాస్పిటల్లో నర్సు. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఆవిడ రోస్టర్ కాగితం అయస్కాంతంతో అంటించి ఉంటుంది. నైట్లు ఎర్ర స్కెచ్‌పెన్‌తో, పగటి డ్యూటీలు నీలంతో, సర్వే పటంలో పొలాలకి గీసినట్టు గడి గడికీ గీత. ఒక చోట ఎర్ర గడి పక్కనే నీలం గడి వచ్చి, దాన్ని కొట్టేసి పైన ఇంకొకరి పేరు రాసి ఉంది. అదేంటి చేచీ అంటే, నైట్ చేసి పొద్దున దిగినదాన్ని అదే రోజు మళ్ళీ ఎలా వేస్తారు, అడిగి మార్పించుకున్నా అంది. ఐర్లండ్‌లో 1997లో వచ్చిన పనిగంటల చట్టం ప్రకారం 24 గంటల్లో వరసగా 11 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. నా ప్రోగ్రామ్‌లో అది ఒక్క లైను. ఎర్రబడ్డ కళ్ళతో టీ పెట్టుకుంటున్న మనిషిని ఎదురుగా చూశాక ఆ లైను జోలికి వెళ్ళాలంటే చెయ్యి రాదు.

సన్నగా జల్లు పడుతుంటే నడిచే వెళ్ళాను. నేనుండే షాండన్ వైపు నుంచి మా యూసీసీకి (యూనివర్సిటీ కాలేజ్ కార్క్) వెళ్ళే దారిలో, లీ నది పక్కనే గ్రెన్‌విల్ ప్లేస్ వస్తుంది. అక్కడ 5వ నంబరు ఇంట్లో జార్జ్ బూల్ ఉండేవాడు. 1849లో మా కాలేజీ తలుపులు తెరిచినప్పుడు మొట్టమొదటి గణితం ప్రొఫెసర్ ఆయనే. తండ్రి లింకన్ ఊళ్ళో చెప్పులు కుట్టేవాడు. బూల్ ఏ యూనివర్సిటీలోనూ చదువుకోలేదు, పదహారేళ్ళకే బడిలో పాఠాలు చెప్పి ఇల్లు గడిపాడు. ఆలోచనని కూడా 1, 0లతో లెక్క కట్టొచ్చని 1854లో పుస్తకం అచ్చు వేయించాడు. నేను రాత్రంతా కంప్యూటర్‌ని అడిగిన ఆ 1008 ప్రశ్నలకీ మూలం అక్కడే ఉంది. 1864లో ఒకరోజు వానలో తడుస్తూ కాలేజీకి నడిచొచ్చి, ఆ తడి బట్టలతోనే పాఠం చెప్పి, న్యుమోనియాతో 49 ఏళ్ళకే పోయాడు. ఆయన భార్య మేరీ, ఎవరి పేరు శిఖరానికి పెట్టారో ఆ ఎవరెస్ట్ దొరకి సొంత అన్నదమ్ముల బిడ్డ. ఆ ఎవరెస్ట్ 1818లో సర్వే పని మీద హైదరాబాద్ వచ్చి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరాన పడ్డాడు. మాది ఖమ్మం. ఆ రెండు నదుల మధ్య ఊరే. ఎక్కడి సంబంధం ఎక్కడ కలిసిందో అనిపిస్తుంది తలుచుకున్నప్పుడల్లా.

మీటింగ్ పదకొండింటికి, వెస్టర్న్ గేట్‌వే బిల్డింగ్‌లో. జవాబు రాలేదని నేను కాస్త టెన్షన్‌గానే చెప్పాను. మా సూపర్‌వైజర్ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, అసలు పని ఇప్పుడే మొదలైందన్నారు. కుదరదని చెబితే వార్డు మేనేజర్‌కి ఏం ఉపయోగం, ఎందుకు కుదరదో చెప్పాలి అన్నారు. షరతులన్నిట్లో ఒకదానికొకటి అడ్డం పడుతున్న అతి చిన్న గుంపుని పట్టుకోమన్నారు. కార్క్‌లో ఈ రకం పరిశోధనకి పెద్ద పేరుంది. 2001లో దీని కోసమే ఒక సెంటర్ పెట్టారు.

మధ్యాహ్నమంతా ల్యాబ్‌లో అదే. ఒక షరతు పక్కన పెట్టి మళ్ళీ నడపడం. అది తీసినా కుదరకపోతే తప్పు దానిది కాదు, వదిలేయొచ్చు. తీయగానే కుదిరితే తగువులో అదీ ఉన్నట్టే, తిరిగి పెట్టాలి. ఇలా వడకట్టుకుంటూ పోతే సాయంత్రానికి మూడు మిగిలాయి. 11 గంటల విశ్రాంతి. ప్రతి నైట్‌లో కనీసం ఇద్దరు అనుభవం ఉన్న నర్సులు ఉండాలన్నది. మూడోది ముందే మంజూరైన సెలవులు. ఏ రెండింటికైనా చార్ట్ వస్తుంది. మూడూ కలిస్తే రాదు. ఈ కోర్సులో చేరాక ఇంత ఆనందం ఇదే మొదలు.

మాస్టర్స్ 90 క్రెడిట్లలో 30 ఈ డిసర్టేషన్‌వే. అయినా మనవాళ్ళలో చాలామంది దీన్ని ఎలాగో ఒడ్డెక్కించాల్సిన పనిగానే చూస్తారు. కారణం నాకు తెలుసు. స్టూడెంట్ వీసా మీద మామూలుగా వారానికి 20 గంటలే పని చేయాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 40 గంటలకి అనుమతి ఉంది. సరిగ్గా డిసర్టేషన్ రాయాల్సిన నెలలే అవి! బ్యాంకు లోను నెత్తిన ఉన్నవాళ్ళు ఏ వైపు మొగ్గుతారో చెప్పక్కర్లేదు. పైగా చదువు అయ్యాక రెండేళ్ళు ఉండనిచ్చే స్టాంప్ 1జీ గురించి ఉన్న ఆరాటం థీసిస్ గురించి ఉండదు. నేను సూపర్‌మార్కెట్‌లో శని, ఆదివారాలకే పరిమితమయ్యాను. డబ్బు కటకటగానే ఉంది. కానీ ఒక ప్రశ్న పట్టుకుని మూడు నెలలు కూర్చునే వీలు, పక్కనే తప్పొప్పులు చూపించే మనిషి, ఇవి ఉద్యోగంలో చేరాక ఎవరిస్తారు? నాలుగు సబ్జెక్టుల పరీక్షలు మన దగ్గరే రాయొచ్చు. లోను తీసుకుని ఇంత దూరం వచ్చింది ఈ మూడు నెలల కోసమే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. వచ్చే బ్యాచ్ పిల్లలకి కూడా అదే చెబుతాను.

ఇక్కడ సాయంత్రం ఐదయ్యేసరికి ఖమ్మంలో తొమ్మిదిన్నర. నాన్న ఫోన్ చేశారు. ఆర్టీసీ డిపోలో ఏడీసీగా రిటైరయ్యారు, ఏళ్ళ తరబడి డ్రైవర్లకీ కండక్టర్లకీ డ్యూటీలు వేసిన మనిషి. మూడు షరతుల సంగతీ వివరంగా చెప్పాను. మొత్తం విని, "స్పేర్ ఎంతమందిని పెట్టావమ్మా?" అన్నారు. ఎవరినీ పెట్టలేదు, నమూనా డేటాలో ఆ ఊసే లేదన్నాను. "స్పేర్ లేకుండా చార్ట్ వేస్తే ఒకడు సెలవు పెట్టగానే బస్సు ఆగిపోతుంది. మాకు ఎప్పుడూ కొంతమంది చేతిలో ఉండేవాళ్ళు. నైట్ అవుట్ చేసొచ్చినవాణ్ణి మళ్ళీ బండెక్కిస్తే ప్రయాణికుల ప్రాణాల మీదకి వస్తుంది గదా, వాణ్ణి మాత్రం ముట్టుకోం."

ఫోన్ పెట్టేశాక, డ్యూటీకి బయల్దేరుతున్న చేచీకి మెసేజ్ పెట్టి అడిగాను. వాళ్ళ వార్డులోనూ అంతేనట, మనుషులు తక్కువైతే తాత్కాలికంగా నర్సుల్ని పంపే ఏజెన్సీ నుంచి ఒకరిని పిలిపిస్తారట. అయితే ఏజెన్సీ నుంచి వచ్చిన కొత్తమనిషిని అనుభవం ఉన్న ఇద్దరిలో ఒకరిగా లెక్క వేయరు అంది. అంటే స్పేర్‌ని ఊరికే కలిపితే చాలదు, వార్డు తెలిసిన స్పేర్ కావాలి. కనీసం ఎంతమంది ఉంటే మూడు షరతులూ నిలుస్తాయి? గురువారం మీటింగ్‌కి ఈ లెక్క తీసుకెళ్ళాలి. రేపు ఎనిమిదింటికే ల్యాబ్‌కి.