పెరటి కొలనుకు సొంతంగా చేసుకున్న డ్రమ్ము ఫిల్టరు

కోయి అనే అలంకార చేపల కొలనులో నీటిని వడకట్టే స్పాంజీలను వారానికి రెండుసార్లు కడిగి విసిగిపోయి, నీలం ప్లాస్టిక్ డ్రమ్ముతో తిరిగే ఫిల్టరును నేనే తయారుచేసుకున్నాను. డ్రమ్ము గోడకు కిటికీల్లా కోతలు పెట్టి, వాటిపై 70 మైక్రాన్ల స్టీలు జాలీని బిగించాను. దాని రంధ్రాలు దాదాపు తల వెంట్రుక మందమే ఉంటాయి.

కొలను నీరు డ్రమ్ము లోపలికి ప్రవేశించి, జాలీ గుండా బయటి తొట్టెలోకి, అక్కడి నుంచి పంపు ద్వారా తిరిగి కొలనులోకి వెళ్తుంది. మలినాలతో జాలీ పూడుకుపోయేకొద్దీ తొట్టెలో నీటిమట్టం పడిపోతుంది కనుక, అక్కడి ఫ్లోట్ స్విచ్ డ్రమ్మును తిప్పే 12 వోల్టుల వైపర్ మోటారును, కడిగే పంపును ఒకేసారి నడుపుతుంది. పైనుంచి చిమ్మే నీటిధారలకు రాలిన మురికి లోపలి దోనెలో పడి అరటి పాదులకు చేరుతుంది. ఈ ఏర్పాటుతో చేపలకన్నా ముందు అరటిచెట్లే బాగుపడ్డాయి.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది డ్రమ్ము మూతి దగ్గరి రబ్బరు సీలు. అది కాస్త వదులుగా ఉన్నా మురికినీరు జాలీని తప్పించుకొని పక్కనుంచి జారిపోతుంది. బిగువెక్కితే మోటారు మొరాయిస్తుంది. మూడుసార్లు విప్పి బిగించాక గానీ కుదరలేదు.

నీటిలో కరిగిన అమ్మోనియాను జాలీ ఆపలేదు కాబట్టి, దాన్ని హాని తక్కువ రూపంలోకి మార్చే బాక్టీరియా పెరిగే తొట్టెను మాత్రం డ్రమ్ము తరువాత అలాగే ఉంచాను.