మాల చక్రకు రిజిస్టర్‌లో చోటు దొరికిన వైనం

నేను జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. 2009లో జార్ఖండ్ పల్లెల్లో కుటుంబ నియంత్రణ శిక్షణ ఇచ్చే బృందంలో చేరాను. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం రూపొందించిన స్టాండర్డ్ డేస్ పద్ధతిని, అంటే నెలసరి రోజులు లెక్కపెట్టి గర్భం రాకుండా చూసుకునే పద్ధతిని, ప్రభుత్వ ఆరోగ్య సేవల్లోకి తెస్తున్న రోజులవి. దానికి వాడే పూసల దండను అక్కడ మాల చక్ర అంటారు.

దండలో 32 పూసలుంటాయి. నెలసరి మొదలైన రోజు రబ్బరు రింగును ఎర్ర పూస మీదికి తెచ్చి, క్యాలెండర్‌లో ఆ తేదీకి గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత రోజుకో పూస చొప్పున రింగు జరుపుకుంటూ పోవాలి. 8వ రోజు నుంచి 19వ రోజు దాకా తెల్ల పూసలు. గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులవే. ఆ రోజుల్లో కలవకుండా ఉండాలి, లేదా కండోమ్ వాడాలి. నెలసరి 26 నుంచి 32 రోజుల మధ్య వచ్చే వాళ్ళకే ఇది పనికొస్తుంది.

అక్కడ ఆశా కార్యకర్తలను సహియాలు అంటారు. వాళ్ళు దండ చేతికివ్వగానే పట్టేశారు. మాత్రలు పడని వాళ్ళు, కాపర్-టీ అంటే భయపడే వాళ్ళు ఊళ్ళో ఎవరెవరున్నారో వాళ్ళకు బాగా తెలుసు. అసలు కష్టం నెలసరి లెక్క అడగడంలో వచ్చింది. తేదీ అడిగితే చాలామంది చెప్పలేకపోయేవారు. ఒక సహియా మాత్రం "ఏ సంతకి వచ్చింది? అంతకు ముందు ఏ సంతకి?" అని అడిగింది. ఎదుట కూర్చున్నావిడ వేళ్ళు మడిచి నాలుగు సంతలని చెప్పింది. అంటే 28 రోజులు. ఆ తర్వాత నేను పెట్టిన ప్రతి శిక్షణలోనూ ఆ ప్రశ్నే నేర్పాను.

ఏఎన్ఎంలు, డాక్టర్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఫెయిలైతే మమ్మల్నే అంటారు మేడమ్" అనేవారు. ఉన్న అంకెలే చెప్పేదాన్ని: తప్పకుండా పాటిస్తే ఏడాదిలో 100 మందిలో దాదాపు 5 మందికి గర్భం వస్తుంది, మామూలు వాడకంలో సుమారు 12 మందికి. మామూలు వాడకంలో కండోమ్ కూడా ఇంతకన్నా మెరుగేం కాదు. మన ఆంధ్రలోలాగే అక్కడ కూడా కుటుంబ నియంత్రణ అనగానే ఆడవాళ్ళ ఆపరేషనే గుర్తొస్తుంది. ఇద్దరు పిల్లల మధ్య ఎడం కావాలనుకునే అమ్మాయికి ఆపరేషన్ ఏం చేస్తుంది? నా వాదన అంతా ఇదే.

మగవాళ్ళతో మాట్లాడకపోతే ఈ పద్ధతి నిలవదు. తెల్ల పూసలు చీకట్లో మెరుస్తాయి. దండ మంచం పక్కన మేకుకి వేలాడుతుంటే నోరు తెరిచి చెప్పాల్సిన పని లేదు, ఈరోజు వద్దని ఆయనకే తెలుస్తోందని ఒకావిడ నాతో చెప్పింది. తాగి వచ్చే భర్త ఉన్న ఇంట్లో మాత్రం ఇది పనిచేయదు. అలాంటి వాళ్ళకు దండ ఇవ్వొద్దనీ, వేరే పద్ధతి చెప్పమనీ సహియాలకు గట్టిగా చెప్పేవాళ్ళం.

ఇన్నీ దాటాక రిజిస్టర్ దగ్గర ఆగిపోయాం. నెలవారీ రిపోర్టులో మాత్రలకు, కండోమ్‌లకు, కాపర్-టీకి గడులున్నాయి, మాల చక్రకు లేదు. గడి లేకపోతే వాడే వాళ్ళు లెక్కలోకి రారు. లెక్కలోకి రాకపోతే స్టాక్ అడగడానికి ఆధారం ఉండదు. ఉపకేంద్రంలో దండలు అయిపోయినా పైవాళ్ళకు తెలియదు. బ్లాక్ మీటింగుల్లో ఈ మాట పదే పదే ఎత్తాం. చివరికి మెడికల్ ఆఫీసర్ ఒప్పుకున్నారు. ఏఎన్ఎంలు స్కేలు పెట్టి రిజిస్టర్లో కొత్త గడి గీశారు, స్టాక్ కావాలని అడిగే ఇండెంట్ ఫారం అడుగున పెన్నుతో ఒక వరుస చేర్చారు. ఎన్ని శిక్షణలిచ్చినా కదలని సరఫరా ఆ వరుసతో కదిలింది. కొత్త పద్ధతి తేవాలనుకునే ఏ రాష్ట్రమైనా శిక్షణకన్నా ముందు ఈ కాగితాలు సరిచేసుకోవాలి.

దండ దొరకని వాళ్ళు క్యాలెండర్ మీద 8 నుంచి 19 దాకా రోజులు గుర్తు పెట్టుకున్నా పద్ధతి అదే. ఏడాదిలో ఒకసారికి మించి నెలసరి 26 రోజులకన్నా ముందో, 32 దాటో వస్తే మాత్రం ఇది మానేసి ఏఎన్ఎంని కలిసి వేరే పద్ధతికి మారండి. కాన్పు తర్వాత నెలసరి మళ్ళీ గాడిలో పడేదాకా దీన్ని మొదలుపెట్టకండి.